నా చెప్పులతో కలిపి పది

"మీది ఏ చర్చి అండీ?"

దోహాలో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు నన్ను రెండో మాటగా అడిగే ప్రశ్న ఇది. నా నుదుట బొట్టుండదు, బురఖా వేసుకోను, కాబట్టి మిగిలింది చర్చే అని వాళ్ళ అంచనా. "చర్చికి వెళ్ళమండీ. మేం యూదులం" అంటాను. నవ్వాలో వద్దో తెలియక అవతలి మనిషి కాసేపు తడబడుతుంది. "తెలుగువాళ్ళలో యూదులేంటండీ?" అంటుంది. ఉన్నామండీ, ఇదిగో మీ పక్కనే నిలబడి ఉల్లిపాయలు ఏరుకుంటున్నాను కదా అంటాను. ఆ తర్వాత ఇద్దరం ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకుంటాం.

నేనిలా చెప్పుకు తిరగడం మా బాబాయికి సుతరామూ నచ్చదు. బాబాయంటే నాన్నకి పినతండ్రి కొడుకు. ఇక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్ కీపరు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. "ఎందుకమ్మాయ్ కోరి తెచ్చుకునే గొడవ? చర్చివాళ్ళమని చెప్పు, పనైపోద్ది. ఊరు కాని ఊరు" అంటాడు. టీవీలో ఎక్కడో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా ఆయనకి గుండె దడ. ఆ గొడవలో మనకి సెంటు భూమి లేదు బాబాయ్, ఆ మాటకొస్తే ఎక్కడా లేదు అని నేను. ఊళ్ళో మాత్రం మనల్ని ఎవరు ఒప్పుకున్నారు గనక ఇక్కడ కొత్తగా భయపడాలి అని కూడా అడుగుతాను. ఆయన రిమోట్ తీసుకుని చానెల్ మారుస్తాడు.

మాది కృష్ణా డెల్టాలో ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి చివర పేట. తాతల కాలంలో చర్చికి వెళ్ళినవాళ్ళమే. వాళ్ళలో కొందరికి అసలు మనం ఎవరం అన్న ప్రశ్న పుట్టింది. పాత నిబంధన చదివి చదివి, శనివారం కూలికి వెళ్ళడం మానేసి, ఒక రేకుల షెడ్డు వేసుకుని దానికి సమాజమందిరం అని పేరు పెట్టుకున్నారు. మా ముసలమ్మలు మాత్రం "మనం ఎప్పుడూ ఇంతే, నడుమ కొన్నాళ్ళు మర్చిపోయాం" అంటారు. నేను ముసలమ్మల పక్షం. ఊళ్ళో పెద్ద వీధివాళ్ళు "మొన్నటిదాకా ఒకటన్నారు, ఇప్పుడు ఇంకోటట, వీళ్ళ వేషాలూ వీళ్ళూ" అన్నారు. విదేశాల నుంచి వచ్చిన గురువులు మాతో ఫొటోలు దిగి, మా పులిహోర తిని, చేతులు కడుక్కుంటూ ఋజువేముంది అన్నారు. కులం సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో ఆ ఊసే ఎత్తొద్దన్నారు. మమ్మల్ని నమ్మనివాళ్ళు బారులు తీరి ఉన్నారు. అయినా ఏటా వానలు వెనకబట్టగానే మేం పండగకి ఊదే పొట్టేలు కొమ్ము తీసి తుడుచుకుంటాం.

ఆ రోజుల్లోనే మా పండగలన్నీ వరసగా వచ్చిపడతాయి. ముందు కొత్త సంవత్సరం, కొన్నాళ్ళకి ప్రాయశ్చిత్త దినం ఉపవాసం, వెనకాలే పర్ణశాలల పండగ. అవతల దసరా పందిట్లో మైకు, ఇవతల మా కొమ్ము. చిన్నప్పుడు మా పిల్లలందరికీ ఆ మైకుని కొమ్ముతో ఓడించాలని పట్టుదల. ఎప్పుడూ ఓడించలేదు.

నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. సాయంత్రాలు సమాజమందిరంలో చాప పరిచి, పలకల మీద పిల్లలతో హీబ్రూ అక్షరాలు దిద్దించేవాడు. అది కుడి నుంచి ఎడమకి రాసే భాష. అబ్బాయిలు గోళీలాటకని ఒక్కొక్కళ్ళే జారుకునేవారు. దీపం పెట్టే వేళకి చాప మీద మిగిలేది నేనూ, నాన్నా. ఒకసారి అదే ఊపులో బళ్ళో తెలుగు కూడా కుడి నుంచి ఎడమకి రాసి, అదే నాన్న చేత అందరి ముందూ మొట్టికాయ తిన్నాను. సాయంత్రం మందిరంలో మళ్ళీ అదే నాన్న, అలాగే రాయి, ఎంత బాగా రాస్తున్నావో అన్నాడు.

మాలో మనిషి పోతే కొడుకు పదిమంది మధ్య నిలబడి ఒక ప్రార్థన చెప్పాలి. దాన్ని కద్దిష్ అంటారు. అందులో చావు మాటే ఉండదు, పోయినవాళ్ళ పేరుండదు. మొదటి నుంచి చివరి దాకా దేవుణ్ణి పొగడటమే. చెప్పేవాడు ఆగిన చోటల్లా వినేవాళ్ళు ఆమేన్ అనాలి. ఇదేం ప్రార్థన, పోయినవాళ్ళ గురించి ఒక్క మాటైనా లేదేంటి అని చిన్నప్పుడు నాన్నని అడిగాను. "మనిషి పోయినప్పుడు దేవుడి మీద ఒళ్ళు మండుద్దమ్మా. అప్పుడే పొగడాలి. కడుపు నిండినప్పుడు ఎవడైనా పొగుడుతాడు" అన్నాడు.

పోయిన ఎండాకాలం నాన్న పోయాడు. మాలో శవాన్ని ఆపరు. నేను సెలవు అడిగి, టిక్కెట్ దొరికించుకుని గన్నవరంలో దిగేసరికి ఆయన మీద పోసిన మట్టి కూడా ఆరిపోయింది. ఆయనకి నేనొక్కదాన్నే. కొడుకు లేడు కాబట్టి మా పెదనాన్న కొడుకుని నిలబెట్టారు. గోళీలకని చాప మీంచి పారిపోయిన బాపతే. తెలుగు లిపిలో రాసి ఇచ్చిన కాగితం చూసి చదువుతూ కూడా తడబడ్డాడు. నేను ఆడవాళ్ళ వైపు నిలబడి, వాడు తప్పు పలికిన ప్రతి మాటనీ పళ్ళ బిగువున లోపలే సరిదిద్దుకున్నాను. నేను చెప్తానంటే పెద్దవాళ్ళు "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ బరువు" అన్నారు. బరువని నేనెప్పుడన్నాను? మా నాన్న చెప్పిన పాఠం మా నాన్న కోసం అప్పజెప్తానన్నాను, అంతే కదా.

అప్పజెప్పి తీరాలని ఒట్టు పెట్టుకుని దోహా తిరిగి వచ్చాను.

ఖతార్‌లో మాకు మందిరం లేదు. మేమున్న విల్లాలో పై పోర్షన్ మాది, దోహా పక్కనే అల్ వక్రాలో. అందులో హాలే మా సమాజమందిరం. నేను ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం చేతుల్లోంచి రక్తం తీస్తుంటాను. మా ఆయన డ్రాఫ్ట్స్‌మన్, నోట్లో నాలుక లేని మనిషి. పండగొస్తే సోఫాలు గోడకి జరిపి, హాలు మధ్యలో ఒక తెర కట్టి, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. ఆడవాళ్ళంటే నేనూ, ఇంకో ఇద్దరు ఇల్లాళ్ళూ. మగవాళ్ళు క్యాంపుల నుంచి వస్తారు. బాబాయి ప్రార్థన నడుపుతాడు. ఒక విదేశీ గురువు వానాకాలమంతా మా ఊళ్ళో మకాం పెట్టినప్పుడు ఆయన వెంటే తిరిగి నేర్చుకున్నాడు. గొంతు మాత్రం వంక పెట్టలేనిది. ఆయన అందుకుంటే కింది పోర్షన్‌లో టీవీ కట్టేసి వింటారు.

"పదిమంది పోగైన నాడు మీ నాన్నకి కద్దిష్ నేనే చెప్తాలే" అన్నాడు బాబాయి, నేను ఊరి నుంచి రాగానే. "నాకు మాత్రం అన్న కాదా?"

"నువ్వూ చెప్పు బాబాయ్. పక్కన నేనూ చెప్తాను."

"అదెట్టా కుదురుద్ది అమ్మాయ్? పదిమంది మగోళ్ళుండాలి, మగోడే చెప్పాలి. మనం కొత్తగా రాసేదేముంది?"

కొత్త సంవత్సరం నాడు పదిమంది రాలేదు. ఒకడికి నైట్ డ్యూటీ, ఇంకొకడికి సూపర్‌వైజరు సెలవివ్వలేదు. కద్దిష్ లేకుండానే లేచాం. ఇక నా ఆశంతా ఉపవాసం రోజు మీద పెట్టుకున్నాను. ఏడాది పొడుగునా ఎన్ని ఎగ్గొట్టినా, ఆ రోజుకి మావాళ్ళు ఎలాగో ఒకలా డ్యూటీ మార్చుకుని వస్తారు.

ఇక్కడ మా లెక్క సంగతి చెప్పాలి. మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెట్టకూడదని మాలో ఆచారం. దిష్టో, దోషమో, మొత్తానికి కూడదు. ఇతర దేశాల్లో మావాళ్ళు పది మాటలున్న వాక్యం ఒకటి చెప్పుకుంటూ మనిషికో మాట చొప్పున చూసుకుంటారట. మా ఊళ్ళో అంత కష్టం దేనికని గుమ్మం బయట విడిచిన చెప్పుల్ని లెక్కపెడతారు. గుమ్మానికి కుడి పక్క మగవాళ్ళవి, ఎడమ పక్క ఆడవాళ్ళవి. అది కూడా ఒకటి అని మొదలెట్టరు. ధాన్యం కొలిచినట్టు లాభం, రెండు, మూడు అనుకుంటూ వెళ్తారు. కుడి పక్క పది జతలు తేలితే పదిమంది ఉన్నట్టే. లోపలికి తొంగి చూసేవాడు ఉండడు. బాబాయి ఆ అలవాటు అల్ వక్రా దాకా తెచ్చాడు. మా పోర్షన్‌లో హాలు గుమ్మం బయట మెట్ల పక్కన మగవాళ్ళ చెప్పులు, వెనక వంటింటి గుమ్మం దగ్గర మావి.

ఉపవాసం రోజున తోలు చెప్పులు వేసుకోకూడదు. క్యాంపుల నుంచి వచ్చేవాళ్ళకి ఉండేవి తోలు సేఫ్టీ షూలు. అందుకని బాబాయి క్యాంపు దగ్గరి కొట్లో నీలం పట్టీల రబ్బరు చెప్పులు పది జతలు కొని, సంచిలో వేసుకుని ముందు రోజు సాయంత్రమే వచ్చాడు. అన్నీ ఒకటే సైజు. ఎలాగైనా పదిమందిని నిలబెట్టాలని ఆయన పట్టుదల, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనా, మా ఆయనతో కలిపి తొమ్మిదిమంది అయ్యారు. పదోవాడు ఎలక్ట్రీషియను. సెలవు మాఫీ, అంటే లేదు పొమ్మన్నారట, రేపు డ్యూటీ నుంచి మధ్యాహ్నానికి వచ్చేస్తానని ఫోన్ చేశాడు. ఆ రోజు బస్సూ కారూ ఎక్కకూడదు మరి, ఎలా వస్తాడని మా ఆయన సందేహం వెలిబుచ్చాడు. "ఎక్కి రావటం తప్పే. రాకపోతే ఇంకా పెద్ద తప్పు" అన్నాడు బాబాయి. తొమ్మిదిమందికీ జత చొప్పున ఇచ్చాక సంచిలో ఒక జత మిగిలింది.

పొద్దున లెక్క తొమ్మిదితో ఆగింది. తెల్ల బట్టలు కట్టుకుని, శాలువాలు తల మీదుగా కప్పుకుని మగవాళ్ళు గుండెలు బాదుకుంటూ తప్పులు ఒప్పుకున్నారు. మేం తెర ఇవతల బాదుకున్నాం. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. బయట సెప్టెంబరు ఉక్క. ముందు రోజే వేసి ఉంచిన ఏసీ దాని మానాన అది గురగురలాడుతోంది.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. ఎలక్ట్రీషియనేమో అని పరిగెత్తాను. కింది పోర్షన్ పెద్దావిడ, మేం ఖాలా అని పిలుస్తాం. నిజామాబాద్ వైపు ఆవిడ, కొడుకు దగ్గర ఉంటుంది. ఖతార్‌లో మేం యూదులమని నేను మొదట చెప్పింది ఆవిడకే. విని, "మంచిదే గద బిడ్డా, ఒక్క దేవుని కొలుస్తరు" అని, వెంటనే గ్యాస్ సిలిండరు ఎక్కడ మార్పిస్తున్నావు అని అడిగింది. ఆ రోజు మెట్ల మీద నిలబడి ఆయాసపడుతోంది.

"ఏమైంది బిడ్డా? పొద్దుగాల్నుంచి ఏడుస్తున్నరు లోపల? ఊర్ల ఎవరన్న పోయిండ్రా?"

"ఏం లేదు ఖాలా, ప్రార్థన. ఉపవాసం ఇవాళ."

"రోజానా? మరి జెప్పవైతివి! ఇఫ్తార్‌కు ఖర్బూజ కోసి పంపిస్త. ఎప్పుడు ఇడుస్తరు?"

చుక్కలు కనిపించాక అని చెప్పి, ఆవిడని చెయ్యి పట్టుకుని కింద దాకా దింపి వచ్చాను. మెట్లు కాలిపోతున్నాయి. అందుకే వెళ్తూ వెళ్తూ బాబాయి సంచిలో మిగిలిన నీలం చెప్పులు కాళ్ళకి తగిలించుకున్నాను. తిరిగొచ్చి హాలు గుమ్మం దగ్గరే విడిచి, తలొంచుకుని తెర ఇవతలికి వచ్చేశాను. వంటింటి గుమ్మం చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేదు. ఆ క్షణాన మరో ఆలోచన ఏమీ లేదు నాకు.

కాసేపటికి బాబాయి మధ్యాహ్నం ప్రార్థనకి ముందు లెక్క చూడటానికి బయటికి వెళ్ళాడు. లాభం, రెండు, మూడు అని ఆయన గొంతు వినపడుతోంది. తొమ్మిది దగ్గర ఆగలేదు.

"పది! వచ్చాడ్రా!" అన్నాడు.

ఎలక్ట్రీషియను ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు, నేను ఖాలాని దింపడానికి వెళ్ళినప్పుడు వచ్చి వెనక వరసలో కూర్చుని ఉంటాడనుకున్నాను. లోపల అందరూ శాలువాలు కప్పుకుని ఉన్నారు, ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు. మొహాలు లెక్కపెట్టడం ఎలాగూ మాలో లేదు.

ప్రార్థన సాగింది. కద్దిష్ వేళకి బాబాయి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తెర ఇవతల నేను లేచి నిలబడ్డాను. నేనూ మొదలుపెట్టాను. నా పక్కనున్న ఇల్లాలు చీర కొంగు పట్టుకుని లాగింది. విదిలించుకున్నాను. బాబాయి గొంతు పెంచాడు. నేనూ పెంచాను. ఆయన ఇంకా పెంచాడు. పొద్దుటి నుంచి నీటిచుక్క లేని గొంతులు రెండు ఆ హాల్లో పోటీ పడ్డాయి. ఆయన ఆగిన చోట నేనూ ఆగాను, అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ ఎవరికో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం నాదే అనుకున్నాను. నాన్న పోయాక మొదటిసారి తల ఎత్తి నిలబడ్డట్టనిపించింది.

ప్రార్థన అయ్యాక గాలి కోసం డాబా మీదికి వెళ్దామని మగవాళ్ళు బయటికొచ్చి చెప్పులు తొడుక్కున్నారు. అందరూ తొడుక్కున్నాక ఒక జత మిగిలింది.

"ఇయ్యెవరియిరా?" అన్నాడు బాబాయి.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. గుమ్మంలోకి వచ్చి, "నావి బాబాయ్" అన్నాను.

"అంటే? ఆ ఎలక్ట్రీషియను రాలేదా?"

"రాలేదు. పదోది నేనే."

బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడని నడుం బిగించి ఉన్నాను. ఆయన తిట్టలేదు. శాలువా మొహం మీదికి లాక్కున్నాడు. "చెల్లదు. అది కద్దిష్ కాదు. పదిమంది లేకుండా ఆ మాటలు ఎత్తాం. అదీ ఇయ్యాళ. ఈ రోజున" అన్నాడు. అన్నాళ్ళూ ఆయనది పెద్దరికం అనుకున్నాను, నిజానికి అది భయం. ఆయన భయం చూసి జాలేసింది. అయినా నేను తగ్గలేదు.

"చెప్పులు లెక్కపెట్టింది నువ్వు, పది అన్నది నువ్వు. దొంగతనంగా వచ్చి నేను నిలబడలేదు."

"మగోళ్ళ చెప్పులనుకున్నా."

"చెప్పులకి ఆడామగా ఏంటి బాబాయ్? తెచ్చింది నువ్వే, అన్నీ ఒకటే సైజు తెచ్చావు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. బాబాయికి అప్పుడు కోపమొచ్చింది. "ఆచారంతో ఆటలాడబాక. నువ్వు లెక్కలోకి రావు. నేను పెట్టింది కాదది" అన్నాడు.

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. నేను గట్టిగానే అన్నాను, ఖాలాకి కింద వినపడేలానే అన్నాను: "లెక్కలోకి రావు అన్న మాట మన పేటలో పుట్టినవాళ్ళకి కొత్తా బాబాయ్? పెద్ద వీధివాళ్ళు అన్నారు. ఫొటోలు తీసుకుని పోయిన గురువులు అన్నారు. సర్టిఫికెట్ ఇచ్చేవాడు అన్నాడు. అనిపించుకుని అనిపించుకుని, ఇప్పుడు మనమే ఇంకొకళ్ళని అంటున్నాం. నాన్న దగ్గర ఆ అక్షరాలు నేర్చుకున్నది నేను. చాప మీద కూర్చున్నది నేను. కాగితం లేకుండా చెప్పగలిగింది ఈ ఖతార్ మొత్తం మీద నువ్వూ, నేనూ. నేను లెక్కలోకి రాననుకుంటే నీ లెక్కలోనే ఏదో తేడా ఉంది."

బాబాయి లేచాడు. అలిగి వెళ్ళిపోదామన్నా దారి లేదు, ఆ రోజు బస్సెక్కకూడదు. క్యాంపు దాకా నడిచి వెళ్ళగల దూరం కాదు. డాబా మీదికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు నీడలో ఒక్కడే కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళలేక, నా వైపు చూడలేక మెట్ల మీదే నిలబడిపోయారు. మా ఆయన మిగిలిన నా చెప్పుల జతని కాలితో జరిపి మగవాళ్ళు విడిచే చోట సరిగ్గా పెట్టాడు.

పొద్దు వాలాక ముగింపు ప్రార్థన. ఆకాశం తలుపులు మూసే వేళ అంటారు దాన్ని, మొదటి నుంచి చివరి దాకా నిలబడే చెప్పాలి. ఎలక్ట్రీషియను రాలేదు. బాబాయి లెక్కకి బయటికి వెళ్ళలేదు. మొహం కడుక్కున్నవాడిలా వచ్చి నిలబడి, నా వైపు చూడకుండా అందుకున్నాడు. అంత ఆకలి మీద, అంత కోపం మీద ఆయన గొంతు ఎంత బాగుందంటే, ఒక్కసారి నా పట్టుదల కూడా సడలింది. ఇలాంటి మనిషిని నొప్పించానే అనుకున్నాను. తర్వాత కద్దిష్ రావలసిన చోటు వచ్చింది. బాబాయి దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళబోయాడు.

నేను తెర పక్కకి తీసి మధ్యలోకి వచ్చాను.

ఇంతకుముందులా పోటీ లేదు, హాల్లో నా గొంతు ఒక్కటే. నాన్న చెప్పినట్టే ఒళ్ళు మండుతూనే పొగిడాను. ఆమేన్ కోసం మొదటి చోట ఆగాను. ఎవరూ అనలేదు. అందరూ బాబాయి వైపు చూస్తున్నారు. ఆమేన్ రాకపోతే ముందుకు వెళ్ళకూడదు. వెనక్కి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. అలాగే నిలబడ్డాను. రాత్రంతా నిలబడమన్నా నిలబడేదాన్ని.

"ఆమేన్" అన్నాడు మా ఆయన.

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా ఏదీ అనగా నేను వినలేదు. వెనకాలే తెర అవతల నుంచి ఇల్లాళ్ళిద్దరూ అన్నారు. ఆ తర్వాత మగవాళ్ళు ఒకరొకరుగా, కొందరు సణుగుతూ, కొందరు గట్టిగా. బాబాయి అనలేదు. శాలువా కప్పుకునే నెమ్మదిగా నడిచి గుమ్మం దాటి మెట్ల దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు నాకు కనపడుతూనే ఉంది. నేను ఆపలేదు. చివరి మాట దాకా చెప్పాను, ఎక్కడా తడబడలేదు.

చుక్కలు కనపడ్డాయి, కొమ్ము ఊదాం, ఉపవాసం విడిచాం. ముందు రోజు కలిపి ఉంచిన పులిహోర, ఖాలా పంపిన ఖర్బూజ ముక్కలు. అందరూ ఆవురావురుమంటూ తిన్నారు. బాబాయి కూడా మారు పెట్టించుకుని తిన్నాడు. నేను వడ్డించాను.

మావాళ్ళని తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. ఒక్కొక్కళ్ళే "వస్తామక్కా" అంటూ దిగిపోయారు. బాబాయి చివరికి బయల్దేరాడు. రేపటికని నేను కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"మీ నాన్న ఉంటే ఈ పనికి ఒప్పుకునేవోడు కాదమ్మాయ్" అన్నాడు.

"నాన్న ఉంటే నాకు కద్దిష్‌తో పనేముంది బాబాయ్?"

అనడం అన్నాను గానీ ఆ మాట నా చెవినే పడేసరికి తట్టుకోలేకపోయాను. నాన్న లేడు. గన్నవరంలో దిగిన నాటి నుంచి ఆచారంతో, పెద్దవాళ్ళతో, బాబాయితో పోట్లాడుతూ వచ్చాను గానీ ఆ సంగతి నాకు నేను చెప్పుకోలేదు. గుమ్మం పట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లలా, వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. కింద నుంచి వ్యాను హారన్ మోగింది. "బాబాయ్, యల్లా, పోదాం రా!" అని ఎవరో అరిచారు. ఆయన కదల్లేదు. డబ్బా చేత్తో పట్టుకుని, నేను ఏడవడం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఆమేన్" అన్నాడు, మెల్లగా.

అది అనవలసిన చోటు కాదు, అనవలసిన వేళా కాదు. నా కద్దిష్ అయిపోయి చాలాసేపయింది. అయినా వద్దనలేదు, తీసుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చే వారం పర్ణశాలల పండక్కి గుమ్మం బయట కాదు, లోపల నిలబడి అను బాబాయ్ అన్నాను.